యాగంటి బసవన్న

యాగంటి బసవన్న నంద్యాల జిల్లా బనగానపల్లె మండలంలోని యాగంటి క్షేత్రంలో, ఉమామహేశ్వరస్వామి ఆలయ ప్రాంగణంలో ఉన్న శిలా నంది విగ్రహం. ఈ విగ్రహం కాలక్రమంలో పెరుగుతూ ఉన్నదని, కలియుగాంతమున లేచి రంకె వేస్తుందని ప్రజలలో గాఢమైన విశ్వాసం కలదు. కడప జిల్లాలోని బ్రహ్మంగారిమఠంలో జీవసమాధి పొందిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి తన కాలజ్ఞానంలో ఈ బసవన్నను ప్రస్తావించినట్లు చెబుతారు. ఆ కారణంగా యాగంటి బసవన్న పేరు రాయలసీమ ఎల్లలు దాటి తెలుగువారందరికీ పరిచితమైనది. యాగంటి పేరు వినగానే చాలామందికి మూలవిరాట్టు కంటే ముందుగా బసవన్నయే స్ఫురించడం ఈ క్షేత్రపు ప్రత్యేకత.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరుగక ముందు ఈ క్షేత్రం కర్నూలు జిల్లాలో ఉండేది.

పేరు

బసవ అనే మాట సంస్కృతంలోని వృషభ శబ్దానికి తద్భవం. కన్నడ, తెలుగు భాషలు రెండింటిలోను ఎద్దును గౌరవంతో పిలిచే పేరు ఇది. 12వ శతాబ్దికి చెందిన వీరశైవ మహాపురుషుడు బసవేశ్వరుడు నంది అవతారమని శైవుల నమ్మకం. ఆయన చరిత్రను 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణం అనే ద్విపద కావ్యంగా రచించాడు. రాయలసీమ పల్లెలలో శివాలయం ముందున్న నందిని నంది అనడం కంటే బసవన్న అనడమే వాడుక. గంగిరెద్దుల వారు తమ ఎద్దును పిలిచే పేరు కూడా ఇదే.

పురాణాల ప్రకారం నంది శిలాదుడు అనే మహర్షి కుమారుడు. శిలాదుడు పుత్రసంతానం కోరి శివుని గురించి తపస్సు చేయగా నంది, పర్వతుడు అనే కుమారులు కలిగారని, వారిలో నంది మహానంది క్షేత్రానికి, పర్వతుడు శ్రీశైల పర్వతానికి ఆధారమయ్యారని ఈ ప్రాంతపు ఐతిహ్యం. నంద్యాల పరిసరాలలో ప్రథమనంది, నాగనంది, సోమనంది, సూర్యనంది, శివనంది, విష్ణునంది, గరుడనంది, వినాయకనంది, మహానంది అను నవనందులు ఉన్నాయి. కావున యాగంటి బసవన్న కథ ఒంటరిగా పుట్టినది కాదు. నంది పేరును ఊర్లకు, కొండలకు పెట్టుకున్న సీమలో పుట్టిన కథ ఇది.

స్థలపురాణం

యాగంటి ఆవిర్భావం గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి.

మొదటి కథ అగస్త్య మహర్షికి సంబంధించినది. అగస్త్యుడు ఈ కొండల నడుమ వేంకటేశ్వరస్వామికి ఆలయం కట్టించదలచి విగ్రహం చేయించాడు. ప్రతిష్ఠ వేళకు విగ్రహపు కాలి బొటనవేలి గోరు విరిగిపోయినది. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు కనుక మహర్షి కలతచెంది తపస్సు చేయగా శివుడు ప్రత్యక్షమై, కైలాసాన్ని పోలిన ఈ స్థలం శైవక్షేత్రానికి తగినదని పలికాడు. అంతట అగస్త్యుడు పార్వతీపరమేశ్వరులు ఒకే శిలలో వెలయవలెనని ప్రార్థించాడు. ఇందువలన ఇక్కడ శివుడు లింగరూపంలో గాక, ఉమాసహితుడైన మూర్తి రూపంలో పూజలు అందుకొంటున్నాడు. శివాలయాలలో ఇది అరుదైన విషయం.

రెండవ కథ చిట్టెప్ప అను భక్తునిది. ఇతడు శివుని గూర్చి తపస్సు చేయుచుండగా శివుడు పులి రూపంలో కనిపించాడు. చిట్టెప్ప ఆ పులిని చూచి భయపడక, వచ్చినవాడు శివుడేనని గ్రహించి, "నే కంటిని" అని ఆనందంతో కేకలు వేశాడట. ఆ మాటే నేగంటి అయి, క్రమంగా యాగంటిగా మారినదని చెబుతారు.

ఈ క్షేత్రంలో కాకులు కనిపించవని ప్రసిద్ధి. అగస్త్యుని తపస్సుకు కాకాసురుడు భంగం కలిగించగా, కాకులు ఇచ్చటికి రాకుండునట్లు మహర్షి శపించాడని కథ. కాకి శనైశ్చరుని వాహనం కనుక శని ఈ క్షేత్రంలో ప్రవేశించలేడని భక్తులు నమ్ముతారు.

ఆలయ చరిత్ర

ప్రస్తుత ఆలయాన్ని విజయనగర సామ్రాజ్యాన్ని పాలించిన సంగమ వంశపు రాజులు కట్టించారని ప్రతీతి. హరిహర బుక్కరాయల పేరు, 15వ శతాబ్దం అనే కాలం ఈ సందర్భంలో తరచుగా వినిపిస్తాయి. అయితే సామ్రాజ్య స్థాపకులైన మొదటి హరిహరరాయలు (1336-1356), మొదటి బుక్కరాయలు (1356-1377) 14వ శతాబ్దికి చెందినవారు. రెండవ హరిహరరాయలు 1404 వరకు పాలించాడు. 1485 వరకు సంగమ వంశ పాలన కొనసాగినది. కావున శతాబ్దాన్ని, రాజు పేరును కలిపి చెప్పునప్పుడు జాగ్రత్త అవసరం. సంగమ వంశ కాలపు నిర్మాణమని చెప్పడం ఉచితంగా ఉంటుంది.

ఈ ప్రాంతం తరువాతి కాలంలో బనగానపల్లె నవాబుల సంస్థానంలో భాగమైనది. 1948లో ఆ సంస్థానం భారతదేశంలో విలీనమై అప్పటి మద్రాసు రాష్ట్రంలోని కర్నూలు జిల్లాలో కలిసినది. ప్రస్తుతం ఆలయం ఆంధ్రప్రదేశ్ దేవాదాయ ధర్మాదాయ శాఖ పరిధిలో ఉన్నది.

విగ్రహం

బసవన్న ఆలయ ప్రాంగణంలోని రాతి స్తంభాల మండపంలో కూర్చున్న భంగిమలో ఉంటాడు. ఈ విగ్రహాన్ని స్వయంభువుగా భావిస్తారు. అనంతపురం ప్రాంతంలోని లేపాక్షి నందితో పోల్చినచో యాగంటి బసవన్న స్వరూపం పూర్తిగా వేరు. సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు గల లేపాక్షి నందికి మెడలో గంటలు, హారాలు, చర్మపు ముడతలు సైతం నునుపుగా చెక్కబడి ఉన్నాయి. యాగంటి బసవన్నకు అంతటి నగిషీ లేదు. రాయి సహజంగా ఎద్దు ఆకారం దాల్చినట్లు గరుకుగా, బరువుగా కనిపిస్తుంది. ఈ రూపమే భక్తుల విశ్వాసానికి బలం చేకూర్చుతున్నది. శిల్పి ముగించిన బొమ్మ వలె గాక, ఇంకా పూర్తికావలసిన ప్రాణి వలె ఈ విగ్రహం అగుపిస్తుంది.

విగ్రహానికి, మండప స్తంభాలకు మధ్య ఎడం చాలా తక్కువ. పూర్వం భక్తులు బసవన్న చుట్టూ ప్రదక్షిణం చేసేవారని, విగ్రహం పెరుగుతున్న కొద్దీ దారి ఇరుకై ఇప్పుడు వీలుపడడం లేదని స్థానికులు చెబుతారు. స్థలం చాలక మండపపు స్తంభాలలో ఒకదానిని తొలగించవలసి వచ్చినదని కూడా చెప్పుకొంటారు.

వీరబ్రహ్మేంద్రస్వామితో సంబంధం

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 17వ శతాబ్దికి చెందిన యోగి, తత్త్వకర్త. విశ్వబ్రాహ్మణ కుటుంబంలో పరిపూర్ణయాచార్యుడు, ప్రకృతాంబ అను దంపతులకు జన్మించి, వీరభోజయాచార్యుడు, వీరపాపమాంబల వద్ద పెరిగాడని ఆయన చరిత్రలు తెలుపుతున్నాయి. దేశాటనం చేస్తూ బనగానపల్లె చేరి, గరిమిరెడ్డి అచ్చమాంబ ఇంట పశువుల కాపరిగా కుదిరాడు. రవ్వలకొండ వద్ద పశువులను మేపుతూ, వాటి చుట్టూ గిరి గీసి, తాను గుహలో కూర్చుండి కాలజ్ఞానం వ్రాసేవాడని, ఆ గిరి దాటి పశువులు పోయేవి కావని ప్రసిద్ధమైన కథ. అచ్చమాంబ ఆయన మహిమను గుర్తించి శిష్యురాలైనది. వ్రాసిన తాళపత్రాలను బనగానపల్లెలో ఆమె ఇంటి ఆవరణలో పాతిపెట్టి, దానిపై చింతచెట్టు నాటారని చెబుతారు.

యాగంటి గుహలలో ఒకదానిలో కూడా స్వామి కొంతకాలం కూర్చున్నాడని, కాలజ్ఞానంలో కొంత భాగం అక్కడ వెలువడినదని నమ్మకం. ఆ గుహకు వీరబ్రహ్మం గుహ అని పేరు. తరువాత ఆయన కడప సీమలోని కందిమల్లయ్యపల్లె చేరి, వడ్రంగము, కమ్మరము వంటి కులవృత్తులు చేసుకొంటూ, గోవిందమ్మను వివాహమాడి, అక్కడనే స్థిరపడ్డాడు. సంప్రదాయ గణన ప్రకారం 1693లో వైశాఖ శుద్ధ దశమి నాడు జీవసమాధి పొందాడు. కందిమల్లయ్యపల్లెయే నేటి బ్రహ్మంగారిమఠం.

యాగంటి బసవన్న పెరిగి పెరిగి, కలియుగాంతంలో ప్రాణం పోసుకొని లేచి రంకె వేస్తాడన్నది కాలజ్ఞానంలోని మాటగా ప్రచారంలో ఉన్నది. పశువులను కాసిన వ్యక్తి నోట, ఆ పశువులు మేసిన కొండలకు సమీపంలోని రాతి బసవని గురించి ఈ మాట రావడం గమనార్హం. కరవు సీమలో రైతుకు ఎద్దు ఇంటి మనిషితో సమానం. దైవం తీర్పు చెప్పే రోజున ముందుగా వినిపించేది ఎద్దు రంకె అని చెప్పడంలో ఆ జీవితం కనిపిస్తుంది.

బ్రహ్మంగారి కథలలో రాయి మరొక చోట కూడా వస్తుంది. ఆయన ప్రియశిష్యుడు సిద్ధయ్య ముడుమాలకు చెందిన దూదేకుల కుటుంబంలో జన్మించాడు. గురుభక్తిని నిరూపించుకొమ్మని కడప నవాబు కోరగా సిద్ధయ్య సలాము చేసినంతనే ఎదుట ఉన్న బండరాయి పగిలిపోయినదని చెబుతారు. ఒక కథలో రాయి పగులుతుంది, మరొక కథలో రాయి పెరుగుతుంది. రెండింటిలోను రాయి జడమని తలచినవారికి సమాధానం ఉన్నది.

కాలజ్ఞాన పాఠం గురించి

కాలజ్ఞానం ఒకే నిర్దిష్ట గ్రంథంగా మనకు అందలేదు. తాళపత్రాలు, మఠాల సంప్రదాయం, ఏకతార పట్టి తత్త్వాలు పాడేవారి నోటి పాఠం, 20వ శతాబ్దంలో వెలువడిన అనేక ముద్రణలు కలిసి నేటి కాలజ్ఞానమైనవి. ఒక ముద్రణలో ఉన్న విషయం మరొక ముద్రణలో ఉండకపోవచ్చు. ఒక సంఘటన జరిగిన పిమ్మట దానికి సరిపోవు మాటలను వెదకి, ఇది ముందే చెప్పబడినదని చూపడం తరచుగా జరుగుతుంది. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు, ఆ పేరును పోలిన వ్యాధి పేరు కాలజ్ఞానంలో ఉన్నదంటూ ఒక పద్యం మొబైల్ ఫోన్లలో విస్తృతంగా తిరిగినది.

1984లో నందమూరి తారక రామారావు నిర్మించి, దర్శకత్వం వహించి, ప్రధాన పాత్ర పోషించిన "శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర" చలనచిత్రం ఈ కథలను ఆంధ్రదేశమంతటా ఇంటింటికి చేర్చినది. కాలజ్ఞానం చదవని వారు సైతం యాగంటి బసవన్న మాట చెప్పగలగడానికి ఇట్టి ప్రచార సాధనాలు ఒక కారణం.

కాలజ్ఞానాన్ని జోస్యాల పట్టికగా మాత్రమే చూడడం బ్రహ్మంగారికి న్యాయం చేయదు. కులభేదాలను నిరసించడం, దూదేకుల వాడైన సిద్ధయ్యను, కక్కయ్యను శిష్యులుగా స్వీకరించడం, దొరల అన్యాయాలను ఎండగట్టడం ఆయన బోధలో ముఖ్యాంశాలు. రానున్న రోజులను గురించి చెప్పిన మాటలు చాలవరకు ఉన్న రోజులలోని అధర్మాన్ని ఎత్తిచూపునవే. బసవన్న రంకె కూడా ఈ దృష్టితో చూచినప్పుడు భయపెట్టే మాట కాదు, హెచ్చరిక.

పెరుగుదలపై పరిశీలన

విగ్రహం 20 సంవత్సరాలకు ఒక అంగుళం చొప్పున పెరుగుతున్నదని పురావస్తు శాఖ నిర్ధారించినట్లు ప్రచారంలో ఉన్నది. ఇందులోని రాతికి పెరిగే గుణం కలదని కూడా చెబుతారు. సాధారణంగా ఈ మాటతో పాటు కొలతల పట్టికను గాని, కొలిచిన సంవత్సరాలను గాని ఉదహరించరు. కనుక ఈ లెక్కను ఉన్నది ఉన్నట్లు స్వీకరించి, దాని ఫలితం ఏమగునో చూడడం విద్యార్థులకు ఉపయోగకరం.

20 సంవత్సరాలకు ఒక అంగుళం అనగా 2.54 సెంటీమీటర్లు. సంవత్సరానికి 1.27 మిల్లీమీటర్లు. బ్రహ్మంగారు సమాధి పొందిన 1693 నుండి 2023 వరకు 330 సంవత్సరాలు. ఈ కాలంలో పెరుగుదల పదహారున్నర అంగుళాలు, అనగా సుమారు 42 సెంటీమీటర్లు కావలెను. ఆలయం కట్టి 600 సంవత్సరాలైనదనుకొంటే 30 అంగుళాలు, అనగా రెండున్నర అడుగులు. మనిషి నడిచే దారి మూసుకుపోవడానికి ఈ మాత్రం చాలును. ఆ విధంగా లెక్క కథకు పొసగుతున్నది.

అయితే రాయి పెరగడానికి పదార్థం ఎక్కడి నుండి వస్తున్నదన్నది అసలు ప్రశ్న. చెట్టు నేల నుండి నీటిని, లవణాలను, గాలి నుండి బొగ్గుపులుసు వాయువును తీసుకొని పెరుగుతుంది. రాతికి అట్టి జీవక్రియ లేదు. ఉదాహరణకు 15 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల ఒక రాతి దిమ్మెను ఊహించుకొందాము. (ఇవి బసవన్న కొలతలు కావు.) ఆ దిమ్మె మూడు వైపులా ఒక్కొక్క అంగుళం పెరిగినచో సుమారు 29 ఘనపుటడుగుల రాయి అదనంగా చేరవలెను. దాని బరువు రెండు టన్నులకు పైగా ఉంటుంది. ఇంత పదార్థం బయట నుండి చేరినచో అది కంటికి కనిపించవలెను. చేరనిచో, ఉన్న రాయే గుల్లబారి ఉబ్బవలెను. గుల్లబారిన రాయి బలహీనపడి పగుళ్ళు తీయును.

విగ్రహం పెరిగినట్లు అనిపించడానికి దోహదపడగల కారణాలు కొన్ని ఉన్నాయి.

1. రాతిలోని బంకమట్టి వంటి ఖనిజాలు తేమ తగిలినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోతాయి. నిత్యాభిషేకం జరిగే విగ్రహానికి తేమ ఎప్పుడూ తగులుతుంది. రాతి రంధ్రాలలో లవణాలు స్ఫటికాలుగా మారినప్పుడు కూడా పైపొర లేస్తుంది.

2. శతాబ్దాల పాటు పూసిన నూనె, పసుపు, కుంకుమ, చందనం పొరలుగా పేరుకొని విగ్రహపు చుట్టుకొలతను పెంచుతాయి.

3. ప్రాంగణంలో కాలానుగుణంగా కొత్త బండలు పరచినప్పుడు నేల మట్టం పెరుగుతుంది. దానితో పైకప్పుకు, విగ్రహానికి, నేలకు నడుమ ఎడం మారుతుంది.

4. బరువైన రాతి కప్పును మోసే స్తంభాలు కొద్దిగా కుంగడం, ఒరగడం పాత కట్టడాలలో సహజం. అప్పుడు మండపమే విగ్రహానికి దగ్గరవుతుంది.

వీనిలో ఏది ఎంతవరకు వర్తిస్తుందో తేల్చే మార్గం కొలత ఒక్కటే. విగ్రహంపై తాకకుండా గుర్తించదగిన బిందువులను ఎంచుకొని, మండపానికి వెలుపల కదలని ఆధార బిందువులను పాతి, ప్రతి సంవత్సరం ఒకే ఋతువులో లేజర్ సాధనాలతో గాని, ఛాయాచిత్రాల ద్వారా గాని కొలిచినచో పదేళ్ళలో 12 మిల్లీమీటర్ల మార్పు తప్పక బయటపడుతుంది. నేటి సాధనాలకు ఇది కష్టమైన పని కాదు. ఇట్టి కొలత భక్తికి విరుద్ధం కూడా కాదు. విగ్రహం నిజంగా ఉబ్బుతూ ఉంటే, అది రాయి లోపల దెబ్బతింటున్నదనడానికి సూచన కావచ్చును. ముందుగా తెలిసినచో రక్షణ చర్యలు తీసుకొనవచ్చును. పెరుగుదలను మహిమగా భావించి విడిచిపెట్టడంలో, విగ్రహానికి పట్టిన జబ్బును గమనించకపోయే ప్రమాదం ఉన్నది.

పెరిగే విగ్రహాల కథలు

పెరిగే విగ్రహాల గురించిన విశ్వాసం యాగంటికే పరిమితం కాదు.

చిత్తూరు జిల్లా కాణిపాకంలోని వరసిద్ధి వినాయకుడు పెరుగుతున్నాడని, పూర్వం చేయించిన వెండి కవచం ఇప్పుడు స్వామికి సరిపోవడం లేదని చెబుతారు.

బెంగుళూరు బసవనగుడిలోని దొడ్డ బసవన్న ఆలయాన్ని 16వ శతాబ్దంలో కెంపేగౌడ కట్టించాడు. అక్కడి వేరుశనగ చేలను ఒక ఎద్దు మేసిపోతుండగా రైతు కర్రతో కొట్టాడని, ఆ ఎద్దు రాయిగా మారి పెరగసాగినదని, దాని నుదుట త్రిశూలం నాటగా పెరుగుదల ఆగినదని కథ. నేటికీ కార్తీక మాసంలో అక్కడ కడలెకాయి పరిషె అను వేరుశనగకాయల జాతర జరుగుతుంది. ఆ జాతరకు ఆంధ్ర, తమిళ ప్రాంతాల రైతులు సైతం కాయలు తెచ్చి అమ్ముతారు.

తంజావూరు బృహదీశ్వరాలయంలోని పెద్ద నంది పెరుగుతూ ఉండగా వీపున మేకు కొట్టి ఆపారని అక్కడి ప్రజలు చెప్పుకొంటారు.

బెంగుళూరు, తంజావూరు కథలలో నంది పెరుగుదలను మనుషులు ఆపివేశారు. యాగంటిలో ఎవరూ ఆపలేదు. స్తంభం తీసి చోటు ఇచ్చారు. ఈ భేదమే యాగంటి కథను సజీవంగా నిలిపినది. ఆగిపోయిన నంది గతానికి చెందినది. ఆగని నంది భవిష్యత్తుకు చెందినది.

ప్రాంతపు గుర్తుగా బసవన్న

తెలుగు నేలపై నంది సాంస్కృతిక చిహ్నం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో చలనచిత్ర రంగానికి నెలకొల్పిన పురస్కారాలకు లేపాక్షి నంది రూపమే ఆధారం. లేపాక్షి నంది శిల్పకళకు గుర్తు కాగా, యాగంటి బసవన్న జనవిశ్వాసానికి గుర్తు. బనగానపల్లె పరిసరాలకు బంగినపల్లి మామిడి ఎంత పేరు తెచ్చినదో యాగంటి బసవన్న అంత పేరు తెచ్చినది. ఈ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

రాయలసీమలో శివరాత్రి, ఉగాది వంటి పండుగల సమయంలో తిరునాళ్ళలో ఎద్దుల బండలాగుడు పోటీలు నిర్వహించడం ఆచారం. ట్రాక్టర్ల వాడకం పెరిగి కాడెద్దులు తగ్గిన ఈ రోజులలో, దుక్కి దున్నే ఎద్దును చూడని పిల్లలు కూడా బసవన్న ఎదుట మాత్రం చేతులు జోడిస్తారు.

దర్శనం

యాగంటి చుట్టూ ఎఱ్ఱని రాతికొండలు గోడల వలె నిలిచి ఉన్నాయి. ఆలయ ప్రవేశానికి ముందు కోనేరు ఉన్నది. కొండ అడుగు నుండి వచ్చే నీరు నంది నోటి గుండా కోనేటిలోనికి పడుతుంది. ఏడాది పొడవునా ఈ ధార ఆగదు. అగస్త్యుడు స్నానం చేసిన తీర్థంగా దీనిని భావించి అగస్త్య పుష్కరిణి అంటారు. భక్తులు ఇక్కడ స్నానం చేసి ఉమామహేశ్వరులను దర్శించి, పిమ్మట బసవన్న మండపానికి వెళతారు.

బసవన్నను నాలుగు వైపుల నుండి చూచినప్పుడే మండపానికి, విగ్రహానికి నడుమ ఉన్న ఇరుకు అర్థమవుతుంది. విగ్రహాన్ని గీకడం, దానిపై నాణేలు అతికించడం, స్తంభాలపై పేర్లు చెక్కడం వంటి పనులు చేయరాదు. పాత రాతికి ఇవన్నీ హాని కలిగిస్తాయి.

ఆలయానికి చేరువలో మూడు ముఖ్యమైన గుహలు ఉన్నాయి.

అగస్త్య గుహ: మహర్షి తపస్సు చేసిన చోటుగా చెబుతారు. సుమారు 120 మెట్లు ఎక్కవలెను. మెట్లు నిటారుగా ఉన్నందున వృద్ధులు జాగ్రత్త వహించవలెను.

వేంకటేశ్వర గుహ: గోరు విరిగిన విగ్రహం ఇందులో ఉన్నదని చెబుతారు.

వీరబ్రహ్మం గుహ: పైకప్పు తక్కువ ఎత్తులో ఉన్నందున వంగి లోనికి వెళ్ళవలెను.

మహాశివరాత్రికి, కార్తీక సోమవారాలకు భక్తులు అధిక సంఖ్యలో వస్తారు. నెమ్మదిగా చూడదలచినవారు ఆ రోజులు విడిచి రావడం మంచిది. వేసవిలో రాతికొండల వేడి తీవ్రంగా ఉంటుంది. కనుక ఉదయం వేళ అనుకూలం. వర్షాకాలం తరువాత, చలికాలంలో గుహలు ఎక్కడం సులభం.

రవాణా సౌకర్యాలు

యాగంటికి సమీప పట్టణం బనగానపల్లె. అక్కడి నుండి బస్సులు, ఆటోలు లభిస్తాయి. జిల్లా కేంద్రమైన నంద్యాల నుండి, కర్నూలు నుండి బనగానపల్లెకు ఆర్టీసీ బస్సులు ఉన్నాయి.

2016లో పూర్తయిన నంద్యాల - ఎఱ్ఱగుంట్ల రైలుమార్గం బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా పోతుంది. సుమారు 123 కిలోమీటర్ల ఈ మార్గం వలన కడప జిల్లా వారికి బనగానపల్లె ప్రయాణం సులభమైనది.

బ్రహ్మంగారిమఠంతో కలిపి యాత్ర

బసవన్న కథను పూర్తిగా తెలుసుకొనదలచినవారు మూడు చోట్లు చూడవలెను. బసవన్న ఉన్నది యాగంటిలో, కాలజ్ఞానం వ్రాసిన రవ్వలకొండ, అచ్చమాంబ ఇల్లు ఉన్నవి బనగానపల్లెలో, దానిని చెప్పిన స్వామి సమాధి ఉన్నది బ్రహ్మంగారిమఠంలో. బనగానపల్లె నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా గాని, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరుల మీదుగా గాని మఠం చేరవచ్చును. మొదటి దారిలోని ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు పేరుపొందినది. దేవతా విగ్రహాలు, నందులు అక్కడి శిల్పుల చేతిలో నేటికీ రూపుదిద్దుకొంటున్నాయి. రాయి నంది ఎట్లగునో కళ్ళారా చూచుటకు ఇది మంచి అవకాశం.

బ్రహ్మంగారిమఠంలో స్వామి జీవసమాధి, ఆయన మనుమరాలు ఈశ్వరమ్మ సమాధి దర్శనీయ స్థలాలు. వైశాఖ శుద్ధ దశమికి ఆరాధనోత్సవాలు జరుగుతాయి. ఆ రోజులలో తత్త్వాలు పాడే బృందాలు రాయలసీమ, తెలంగాణ, కర్ణాటక ప్రాంతాల నుండి వస్తాయి. మఠానికి సమీపంలో తెలుగుగంగ పథకంలో భాగంగా నిర్మించిన జలాశయానికి స్వామి పేరిట బ్రహ్మంసాగర్ అని పేరు పెట్టారు. శ్రీశైలం నుండి వచ్చే కృష్ణా జలాలు వెలుగోడు మీదుగా ఈ జలాశయానికి చేరుతాయి.

ఇవి కూడా చూడండి

యాగంటి
పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి
బ్రహ్మంగారిమఠం
బనగానపల్లె
లేపాక్షి
మహానంది
కాణిపాకం